వజ్రమ్మ కుట్టకుండా వదిలిన మూల

ఇల్లెక్కడని బయట ఎవరైనా అడిగితే మా కామాటిపుర వాళ్ళం "బొంబాయి సెంట్రల్ దగ్గర" అంటాం. అబద్ధం కాదు, నిజంగా దగ్గరే. మా తాతలు రాళ్ళు మోసి, సున్నం కలిపి ఈ ఊరు కడుతున్న రోజుల్లో వాళ్ళ మీదుగానే ఈ పేటకు పేరొచ్చింది. తర్వాత రాత్రిపూట బేరాల వల్ల ఇంకో రకం పేరు కూడా వచ్చింది. ఊరి జనానికి ఆ రెండోదే గుర్తు. అందుకని పెళ్ళిచూపుల్లో, ఆఫీసు క్యాంటీన్లలో, వర్లిలో చుట్టాల ఇళ్ళలో మేమంతా స్టేషను ప్లాట్‌ఫారం మీదే కాపురం ఉంటున్నట్టు మాట్లాడతాం. వరస గదుల మా చాళ్‌లో ఆ మాట ఒక్కసారైనా అనని మనిషి వజ్రమ్మ ఒక్కతే.

పదకొండో గల్లీలో మా గోడ పక్క ఖోలీ, అంటే ఒంటిగది, ఆమెది. భర్త కిష్టయ్య మిల్లు కార్మికుడు. పెద్ద సమ్మె తర్వాత ఆ మిల్లు గేటు మళ్ళీ దాటలేదు. ఒక గోడౌను ముందు స్టూలేసుకుని కాపలా కాసేవాడు. జీతం స్టూలుకు తగ్గట్టే ఉండేది. ఇల్లు నడిచింది వజ్రమ్మ కుట్టే బొంతల మీద.

సోమవారం చిందీల బజారుకు వెళ్ళి మిల్లు గుడ్డముక్కలు మూట కట్టి తెచ్చేది. పాత చీరలు ఇంటింటా కొనేది. రాములమ్మ, లక్ష్మమ్మ, పోచమ్మ అనే ముగ్గురు ఆమెతో కలిసి బయటి వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, పొర మీద పొర పరిచి, వరసగా దారం పోసేవాళ్ళు. వాళ్ళ నోళ్ళు ఎంత వేగంగా నడిస్తే కుట్టు అంత దగ్గరగా పడేది. ఏ ఇంటి కోడలి మీదైనా పెద్ద సంగతి దొరికిన వారం బొంతలు మరీ గట్టిగా వచ్చేవని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆ బొంతలకు ఒక పద్ధతి ఉంది. వజ్రమ్మ అత్త రాజవ్వ పెట్టిన పద్ధతి. మూడు వైపులా కుట్టి, నాలుగో వైపు చివర జానెడు మేర వదిలేస్తారు. కొనేవాళ్ళు ఆ సందులో చెయ్యి పెట్టి లోపల ఉన్నవి మెత్తటి చీరలా, గోనెపట్టా ముక్కలా అని తడిమి చూసుకోవచ్చు. నచ్చితే డబ్బు వజ్రమ్మ చేతిలో పెట్టాలి. అప్పుడామె నాలుగు బియ్యపు గింజలు లోపల వేసి, "కప్పుకున్నోళ్ళ కడుపు సల్లగుండ" అని మూల కుట్టేసేది. పైసలు చేతికి రాకుండా మూల మూస్తే ఆ బొంతలో నిద్ర పట్టదని రాజవ్వ చెప్పి పోయింది.

మా గల్లీలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. మా మామగారు రాజమల్లు ఒక బొంత తీసుకుని "రేపిస్త" అంటూ ఏడాది గడిపాడు. ఎండకు వరండా కమ్మీ మీద ఆరేసినప్పుడల్లా తెరిచిన మూల గాలికి అటూ ఇటూ ఊగుతూ ఆయన అప్పును గల్లీ అంతటికీ చెప్పేది. ఆయన సిగ్గుపడలేదు సరికదా, ఆ సందులో బీడీకట్ట దాచుకునేవాడు. చివరికి మా అత్తగారు భరించలేక డబ్బు కట్టి మూల మూయించింది, బీడీకట్టతో సహా.

దాదర్‌లో ఒక భండార్ ఉండేది. ఇళ్ళలో చేసే వస్తువులన్నీ ఒక చోట పెట్టి అమ్మేవాళ్ళు. అప్పడాలు, సంచులు, వత్తులు, బొంతలు. కొన్నవాళ్ళు డబ్బు కౌంటర్‌లో కట్టేవాళ్ళు. శనివారం సాయంత్రం భండార్ తన కమీషను పట్టుకుని మిగతాది ఎవరిది వాళ్ళకు ఇచ్చేసేది. శనివారాలు వజ్రమ్మ కూడా అక్కడే ఒక మూల సూదీ దారంతో కూర్చునేది. బొంతలన్నీ ఆ రోజునే అమ్ముడయ్యేవి. కొన్నవాళ్ళు తడిమి చూడటం, కౌంటర్‌లో డబ్బు కట్టడం, కౌంటరు అమ్మాయి ఆ డబ్బు తెచ్చి ఒక్క క్షణం వజ్రమ్మ అరచేతిలో పెట్టి లెక్క కోసం మళ్ళీ తీసుకుపోవడం, వజ్రమ్మ మూల మూయడం. మేనేజర్ ఆప్టే గారు అది చూసి నవ్వుకునేవాడు. ఆ సాయంత్రం వచ్చిన డబ్బుతోనే ముగ్గురు ఆడవాళ్ళ కూలి, సోమవారం చిందీలు. అట్లా చక్రం తిరుగుతుండేది.

ఎనభై ఆరు చలికాలంలో ఆ చక్రానికి పుల్ల అడ్డం పడింది.

ఒక శనివారం ఆప్టే గారు అందరినీ నిలబెట్టి కొత్త రూలు చెప్పాడు. కొన్నవాళ్ళు వస్తువులు వాడి చూసి వెనక్కి తెస్తున్నారు. అప్పటికే వస్తువు చేసిచ్చినవాళ్ళకు డబ్బు ఇచ్చేసి ఉంటున్నాం. నష్టం భండార్ మీద పడుతోంది. అందుకని ఇకనుంచి ఈ నెల అమ్మకాల డబ్బు వచ్చే నెల పదో తేదీన. ఇంకోటి, అమ్మేది భండారే కాబట్టి మీరెవరూ లోపల కూర్చోనక్కర్లేదు.

"సాబ్," అంది వజ్రమ్మ, "నా బొంత ఒకటన్నా వాపస్ వచ్చిందా?"

"రాలేదు బాయీ. కానీ రూలు ఒక్కళ్ళ కోసం కాదు, అందరికీ."

"మరి నా పొయ్యికి ఎవరు చెప్పాలె, పదో తారీఖు దాక ఆగుమని?"

ఆప్టే గారు మంచివాడే. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "కమిటీ నిర్ణయం బాయీ," అన్నాడు.

సోమవారం చిందీల వ్యాపారిని అప్పు అడిగితే అతను పాన్ నములుతూ, మీ భండార్ రూలు నా దుకాణానికి కూడా వర్తిస్తుందా అని అడిగి, మూట పక్కకు జరిపాడు. వజ్రమ్మ చెవికమ్మలు తాకట్టు పెట్టి మూట తెచ్చింది. శనివారం కూలి ఇవ్వలేకపోయింది. రాములమ్మ, లక్ష్మమ్మ కుట్టు ఆపలేదు. పోచమ్మ మాత్రం సూది డబ్బాలో పెట్టి లేచింది.

"నేను బీడీలకు పోత వదినే. ఆడ దినాం దినాం ఇస్తరు."

"పో చెల్లె, నేను తప్పు పట్ట. గని బొంతల సీజను ఈ నెలన్నరే. నలుగురం కూసుంటెనే పని. ఇప్పుడు ఆగితె మల్ల వచ్చే చలికాలందాక ఆగుడే."

అసలు భయం అదే. చలి పోతే బొంత ఎవరు కొంటారు? ఆ వరండాలో ఈ పని ఒకసారి ఆగిపోతే తలా ఒక దిక్కు పోతారు, మళ్ళీ కూడరు. పోచమ్మ వెళ్ళిపోయింది.

ఆ రాత్రి భండార్‌కు పంపాల్సిన బొంతలు ఖోలీలో నిలువెత్తు పేర్చి ఉన్నాయి, అన్నిటి మూలలూ తెరిచే. గోడ అవతల మాటలు మాకు బాగా వినపడతాయి. మా తప్పు కాదు, గోడ పలచన.

"మూసి పంపియ్యే. ఆడ నిన్ను కూసోనియ్యరాయె," అన్నాడు కిష్టయ్య.

"పైసలు చేతికి రాంది ఎట్ల మూయాలె?"

"ఎవరు చూస్తరు?"

"మీ అమ్మ చూస్తది."

రాజవ్వ పోయి తొమ్మిదేళ్ళయింది. అయినా కిష్టయ్య మంచం మీద నుంచి ఒకసారి తలుపు వైపు చూసి ఉంటాడని నా అనుమానం.

వజ్రమ్మ మూలలు తెరిచే పంపింది. ఎత్తు వేసే పంపిందని తర్వాత చాలామంది అన్నారు. నాకు తెలిసినంతలో కాదు. తెరిచిన మూల కనపడితే డబ్బు ఇంకా చేరలేదని ఎవరికైనా అర్థమవుతుందనీ, పదో తేదీన డబ్బు తీసుకుని తనే వెళ్ళి అన్నీ మూసి వస్తాననీ అనుకుంది. పదకొండో గల్లీలో ఉన్నట్టే దాదర్‌లోనూ ఉంటుందనుకోవడం ఆమె పొరపాటు. భండార్ కుర్రవాళ్ళు ఆ మూలలు లోపలికి మడిచి, నీటుగా పేర్చి, రోజూ అమ్మేశారు.

రెండు వారాలు గడిచాయి. ఒక ఉదయం మా చాళ్ ముందు టాక్సీ ఆగింది. మా గల్లీలో పగటిపూట టాక్సీ ఆగడం వింత. అందులోంచి తొమ్మిది గజాల చీర కట్టిన ఒక పెద్దావిడ చంకలో బొంతతో దిగడం ఇంకా వింత. ఆవిడ పేరు మాలతీబాయి అని తర్వాత తెలిసింది. భండార్ కౌంటర్‌లో పేరూ గల్లీ కనుక్కుని, దాదర్‌లో టాక్సీ ఎక్కి కామాటిపుర అనగానే డ్రైవరు అద్దంలో రెండుసార్లు చూశాడట. "బొంత కుట్టించుకోవడానికి" అని ఈవిడ గట్టిగా చెప్పిందట. ఇలాంటి సాకులు చాలా విన్నానన్నట్టు అతను తల ఊపాడట.

ఆ సమయానికి నేను తువ్వాలు కట్టుకుని, బనీను మీద, కొళాయి దగ్గర పళ్ళు తోముకుంటున్నాను. ఆవిడ నేరుగా నా దగ్గరకే వచ్చింది.

"వజ్రమ్మ ఎక్కడ?"

నోటినిండా పళ్ళపొడి. బ్రష్షుతో పై అంతస్తు చూపించాను. ఆవిడ నా వంక ఒకసారి, నా తువ్వాలు వంక ఒకసారి చూసి గబగబా మెట్లెక్కింది. నేనూ పుక్కిలించి వెనకే వెళ్ళాను. పలచని గోడ చాలదనిపించింది.

మాటలన్నీ మరాఠీలోనే జరిగాయి. మా వాళ్ళకు అది ఇంట్లో భాషలాంటిదే.

"ఇదేం పని బాయీ? కొత్త బొంతకు మూల కుట్టలేదు. అల్లుడు మొదటిసారి ఇంటికొచ్చాడని కప్పుకోవడానికి ఇచ్చాను. తెల్లారుజామున లేవబోతే కాలు అందులో దూరిందట. బొంతతో సహా వెళ్ళి రాగి బిందె మీద పడ్డాడు."

రాములమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వజ్రమ్మ మొహం మాత్రం కదలలేదు.

"దెబ్బ తగిలిందా తాయీ?"

"అతనికి తగల్లేదు. బిందెకు తగిలింది. ఆదివారం అతను ఊరికి వెళ్తూ ఈ బొంత తీసుకెళ్ళాలి. ఇట్లా ఇచ్చి పంపితే వియ్యపురాలు ఏమంటుంది? మూల కుట్టు."

వజ్రమ్మ చాప పరిచి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పద్ధతి చెప్పింది. పైసలు చేతికి రాందే మూల మూయరాదని.

"నేను పైసలిచ్చానే. ఆ రోజే కౌంటర్‌లో కట్టాను."

"ఇయ్యలేదని నేనంటలేను తాయీ. గని అవి నాదాక రాలే. తొవ్వల ఉన్నయి. వచ్చే నెల పదో తారీఖుకు చేరుతయట."

మాలతీబాయి టీ కప్పు కింద పెట్టింది. "దాదర్ నుంచి ఇక్కడికా? నేను పావుగంటలో వచ్చానే."

"మీరు టాక్సీల వచ్చిన్రు తాయీ."

ఈసారి మాలతీబాయికే నవ్వొచ్చింది. వజ్రమ్మ మెత్తబడింది. "అల్లుడికంటున్రు గదా. ఒక్క రూపాయి నా చేతుల పెట్టున్రి, మీ పేరు మీద మూసేస్త."

"రెండోసారి నేనెందుకివ్వాలి? రూపాయి కాదు, పావలా కూడా ఇవ్వను. నువ్వు చేసింది న్యాయమే. డబ్బు నా దగ్గర తీసుకున్నవాడే నీకివ్వాలి." ఆవిడ బొంత మడిచి లేచింది. "దీన్ని మోయడానికి ఒక మనిషిని ఇయ్యి. ఇందాకట్నుంచి చంక నొప్పెడుతోంది."

మనిషంటే కిష్టయ్యే. తర్వాతి కథ అతను చెప్పిందే. అతనికి మాటలు తక్కువ కాబట్టి అతిశయోక్తి ఉండదు.

మాలతీబాయి భండార్‌లోకి వెళ్ళి కౌంటరు పక్కన స్టూలు వేయించుకుని, ఒళ్ళో బొంత పెట్టుకుని, తెరిచిన మూల అందరికీ కనపడేటట్టు పట్టుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళంతా ఏమిటని అడుగుతారు. ఆవిడ చెబుతుంది. మూడోసారి చెప్పేసరికి రాగి బిందె గంగాళమైంది, అల్లుడు ఇంజనీరయ్యాడు. విన్నవాళ్ళలో బొంత కొన్నవాళ్ళు తమ ఇంట్లోవి గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఒకావిడ, మా ఆయన సిగరెట్లు ఎక్కడ దాస్తున్నాడో ఇప్పుడు తెలిసింది అంది. ఇంకో ఆవిడ, మా పిల్లి అందులోనే ఈనిందని, అది కుట్టు విప్పి దూరిందనుకుని పాపం తిట్టామని బాధపడింది. సాయంత్రానికి కౌంటరు ముందు బొంతలు పట్టుకుని ఏడెనిమిది మంది. ఎవరికీ డబ్బు వెనక్కి అక్కర్లేదు, బొంత వెనక్కి ఇవ్వరు. అందరిదీ ఒకటే మాట: బొంత బాగుంది, ఆమె డబ్బు ఆమెకు ఇచ్చేసి మా మూల కుట్టించండి.

వెనక్కి తెచ్చే వస్తువులకు భండార్‌లో రూలుంది. వెనక్కి ఇవ్వని వస్తువులతో వచ్చి నిలబడేవాళ్ళకు ఏ రూలూ లేదు.

మర్నాడు సాయంత్రం, వానకు ఇంకా నాలుగు నెలలుండగా, ఆకాశంలో మబ్బుతునక లేకుండా ఉండగా, మా గల్లీ మొదట్లో ఒక నల్లగొడుగు కనపడింది. గొడుగు బాగా కిందికి దించి ఉంది. ధోవతీ, చెప్పులూ మాత్రమే నడిచి వస్తున్నట్టుంది. పాన్ దుకాణంవాడు పిలిచి ఏం కావాలని అడిగితే గొడుగు ఇంకా కిందికి దిగింది. కిళ్ళీ కట్టించుకోవడానికి వెళ్ళి నేనక్కడే ఉన్నాను.

"వజ్రమ్మ ఇల్లా సాబ్?" అన్నాను.

గొడుగు కింద నుంచి హమ్మయ్య అన్న నిట్టూర్పు వినపడింది. ఆప్టే గారు. బస్సు దిగిన దగ్గర్నుంచి దారి అడగడానికి నోరు రాక గల్లీలన్నీ తిరిగాడట.

ఆయన ఖోలీలో చాప మీద కూర్చుని జేబులోంచి కవరు తీశాడు. "అమ్మిన బొంతల డబ్బు మొత్తం ఇందులో ఉంది బాయీ. కమిటీని ఒప్పించి తెచ్చాను. వచ్చి మూలలు మూసిపో."

కిష్టయ్య చెయ్యి చాచాడు. వజ్రమ్మ ఆ చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"నాకు ఒక్కదానికేనా సాబ్?"

"నీ బొంతలే కదా తెరిచి ఉన్నవి."

"వర్లి గంగాబాయి అప్పడాలకు మూలలుండయి గద సాబ్. ఆమెది గూడ నా తీరే. పప్పు కొననీకి పైసలు లేక పోయినవారం రోకలి గోడకు ఆనిచ్చింది. రూలు అందరికి అన్నరు. ఇచ్చుడు గూడ అందరికి గావాలె."

ఆప్టే గారు పక్కనే ఉన్న బొంత మూలలో ఊరికే చెయ్యి పెట్టాడు. పొర తర్వాత పొర వేళ్ళతో తడిమాడు. ఎప్పటిదో చీర అంచు తగిలినట్టుంది, బయటికి లాగి చూసి మళ్ళీ సర్దాడు. ఆ తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు.

"ఇందులో చెయ్యి పెట్టి చూసి కొన్నవాళ్ళెవరూ వెనక్కి తేలేదు. చూడకుండా కొన్నవే వెనక్కి వస్తున్నాయి. మిమ్మల్ని బయటికి పంపడం మా తెలివితక్కువ." ఆయన ముందుకు జరిగాడు. "శనివారం అందరూ వచ్చి కూర్చోండి. గంగాబాయి అక్కడే ఒక అప్పడం కాల్చి తినిపించాలి. సంచులవాళ్ళు బరువు వేలాడదీసి చూపించాలి. చూసి ఒప్పుకుని కొన్నది వెనక్కి తీసుకోం. వెనక్కి తీసుకోనిదానికి డబ్బు ఆపి ఉంచడం ఎందుకు? ఆ సాయంత్రమే ఇచ్చేద్దాం. కమిటీకి నేను చెబుతాను."

"ఒప్పుకోకుంటె?"

"మాలతీబాయిని పంపుతాను."

వజ్రమ్మ అప్పుడు కవరు తీసుకుంది. లెక్క చూడలేదు. కళ్ళకద్దుకుని రాములమ్మ చేతిలో పెట్టి, "పోచమ్మను పిలువు. బీడీలు ఆడ పెట్టి రమ్మను," అంది.

ఆప్టే గారు లేస్తూ ఆగాడు. "బోర్డు రాయించాలి బాయీ. ఏమని? బొంబాయి సెంట్రల్ బొంతలు అందామా, అంటే..." మిగతాది కళ్ళద్దాలు తుడుస్తూ మింగేశాడు.

"కామాటిపుర బొంతలని రాయున్రి సాబ్. మేమేమన్న టేషన్ల కూసోని కుట్టినమా?"

తలుపు దగ్గర నిలబడ్డ నేను ఎందుకో గోడ వైపు చూశాను.

ఆ శనివారం భండార్‌కు మా చాళ్ సగం కదిలింది. లోపల గంగాబాయి కుంపటి మీద అప్పడాలు కాలుస్తుంటే రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా వాసనకు లోపలికి వచ్చారు. బోర్డు మీద మా పేట పేరు అరచేయంత అక్షరాలతో ఉంది. దాని కింద వజ్రమ్మ, రాములమ్మ, లక్ష్మమ్మ, పోచమ్మ వరసగా కూర్చుని ఉంటే, కొన్నవాళ్ళు తెరిచిన మూలలు పట్టుకుని, పెళ్ళిలో అక్షింతలకు నిలబడ్డట్టు నిలబడ్డారు. మొదటిది మాలతీబాయి. అల్లుణ్ణి కూడా తీసుకొచ్చింది. అతను మూల మూసే దాకా బొంతకు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. పిల్లి ఈనిన బొంత తెచ్చినావిడ దాన్ని ఉతికి తెచ్చింది. పిల్లి మళ్ళీ వస్తుందేమో, కొంచెం సందు ఉంచమని అడిగింది. వజ్రమ్మ ఉంచలేదు.

"కప్పుకున్నోళ్ళ కడుపు సల్లగుండ," అంటూ నాలుగు నోళ్ళు, నాలుగు సూదులు. సాయంత్రం దీపాలు వెలిగే వేళకు ఆప్టే గారు అందరికీ ఎవరి డబ్బు వాళ్ళకు తన చేత్తో ఇచ్చాడు. గంగాబాయి ఆయనకు అప్పడాల కట్ట ఒకటి ఊరికే ఇవ్వబోయింది. రూలు ప్రకారం ముందు ఒకటి కాల్చి తినిపించమన్నాడు.

సోమవారం వజ్రమ్మ చిందీల బజారుకు విడిపించుకున్న కమ్మలు పెట్టుకునే వెళ్ళింది. ఆ చలికాలం చివరి దాకా వరండాలో నలుగురూ కూర్చున్నారు. ఏ ఇంటి కోడలూ క్షేమంగా లేదు.

ఆప్టే గారు కవరు తెచ్చిన రోజు గొడుగు ఖోలీలోనే మరిచిపోయాడు. వారం తర్వాత దాని కోసం వచ్చాడు. ఈసారి మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడే ఎండలో, ఉత్త తలతో. గల్లీ మొదట్లోనే నిలబడి, "కామాటిపుర బొంతల వజ్రమ్మ ఇల్లెటు?" అని పాన్ దుకాణంవాణ్ణి వీధి అంతా వినపడేటట్టు అడిగాడు. ఇల్లు ఆయనకు తెలుసు. ఊరికే అడిగాడు.

గొడుగు గుడ్డకు ఉన్న చిరుగు వజ్రమ్మ చక్కగా కుట్టి ఉంచింది. ఆయన విప్పి చూసుకుని మురిసిపోయి, అంచు దాకా వేలు నడిపి అక్కడ ఆగిపోయాడు. చివర ఒక్క కుట్టు మిగిలి ఉంది, దారం వేలాడుతోంది.

ఆప్టే గారు నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టాడు. వజ్రమ్మ అప్పటికే సూదిలో దారం ఎక్కించి, ఇంకో చెయ్యి చాచి కూర్చుంది.